పాఠకుల ప్రశ్నలు: పులిసిన ఆహారంలోని బ్యాక్టీరియా, వాటి ప్రొటీన్లు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పులిసిన ఆహారంలో ఉండే మేలుచేసే బ్యాక్టీరియా గురించినవే. ఏది తినాలి, ఎంత తినాలి అని అడిగినవారి కంటే, ఆ బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్లను శాస్త్రజ్ఞులు ఎలా గుర్తిస్తారు, అవి పనిచేస్తాయని ఏ ఆధారంతో చెబుతారు అని అడిగినవారే ఈసారి ఎక్కువ. నాకిది ఎంతో సంతోషం కలిగించిన విషయం. అందుచేత ఈసారి పుటలన్నీ ఈ ఒక్క అంశానికే కేటాయించి, ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ప్రోబయోటిక్ అంటే ఆరోగ్యానికి మేలుచేసే సజీవ బ్యాక్టీరియా అని ఇంతకాలం చదువుతూ వచ్చాము. ఇప్పుడు వాటి ప్రొటీన్ల మీద పరిశోధనలు జరుగుతున్నాయని తెలిసింది. బ్యాక్టీరియా ప్రాణంతో ఉంటే చాలదా? వాటి ప్రొటీన్లను విడిగా పరిశీలించవలసిన అవసరం ఏమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటుచేసిన నిపుణుల బృందం 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు తీసుకున్నవారి ఆరోగ్యానికి మేలు కలిగించే సజీవ సూక్ష్మజీవులు ప్రోబయోటిక్‌లు. మేలు జరిగిందని తేలితే చాలు, అది ఏ మార్గంలో జరిగిందో చూపాలన్న షరతు ఈ నిర్వచనంలో లేదు. మార్గం తెలియనంత కాలం ఒక స్ట్రెయిన్ (ఒకే జాతి బ్యాక్టీరియాలోని ఒక ప్రత్యేక రకం) ఎందుకు పనిచేసింది, దాని పక్కనే ఉన్న మరో స్ట్రెయిన్ ఎందుకు పనిచేయలేదు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ జవాబు చాలా సందర్భాలలో ప్రొటీన్ల దగ్గర దొరుకుతుంది. పేగు గోడను అంటుకునేవి, చక్కెరలను విడగొట్టేవి, పోటీ బ్యాక్టీరియాను చంపేవి, మన కణాలకు సంకేతం అందించేవి చాలావరకు ప్రొటీన్లే.

జన్యుక్రమం మొత్తం తెలిశాక ఇక ప్రొటీన్లను వెతకడం ఎందుకని మరొక పాఠకుడు అడిగారు. పులిసిన కూరగాయలలోను, పాల పదార్థాలలోను కనిపించే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ బ్యాక్టీరియాలో డబ్ల్యు.సి.ఎఫ్.ఎస్.1 అనే స్ట్రెయిన్ పూర్తి జన్యుక్రమం 2003లో వెలువడింది. సుమారు 33 లక్షల డీఎన్ఏ అక్షరాలున్న ఆ క్రమంలో దాదాపు 3,000 జన్యువులు ఉన్నాయని, వాటిలో 200కు పైగా జన్యువుల నుంచి వచ్చే ప్రొటీన్లు కణం వెలుపలికో, కణం ఉపరితలానికో చేరేవని అంచనా వేశారు. ఇక్కడ అంచనా అన్న మాటను మరచిపోకూడదు. జన్యువు ఉన్నంత మాత్రాన ప్రొటీన్ తయారవుతుందని కాదు. తయారైన ప్రొటీన్ ఆహారంలో చెక్కుచెదరకుండా ఉంటుందని కాదు. ఉన్న ప్రొటీన్ మన శరీరంలో పనిచేస్తుందని కాదు. ఈ మూడింటికీ వేర్వేరుగా రుజువు చూపవలసి ఉంటుంది. ఒకదానికి దొరికిన రుజువును మిగతా రెండింటికీ వాడుకోవడం ఈ రంగంలో తరచుగా కనిపించే లోపం. ఈ నెల ఉత్తరాలు కూడా ఏదో ఒక రూపంలో అక్కడికే వస్తున్నాయి.

పులిసిన ఆహారమంతా ప్రోబయోటిక్ కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పులిసిన పిండిని కాల్చి రొట్టె చేసినప్పుడు అందులోని సూక్ష్మజీవులు చనిపోతాయి. పులిసిన తరువాత వేడిచేసి సీసాలకెత్తే పదార్థాల సంగతీ అంతే. సజీవ బ్యాక్టీరియా నిండుగా ఉన్న ఆహారంలో కూడా ఆ స్ట్రెయిన్ ఏదో తెలిసి, దాని మేలు మనుషులపై జరిపిన పరీక్షలలో తేలినప్పుడు మాత్రమే ఆ పేరు వర్తిస్తుంది.

ప్రశ్న: మనం తిన్న ప్రొటీన్ ఏదైనా కడుపులో జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుందని పాఠశాలలో చదువుకున్నాము. బ్యాక్టీరియా ప్రొటీన్లకు మాత్రం మినహాయింపు ఎలా ఉంటుంది? – విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మినహాయింపు లేదు. మీరు చదివినది, పిల్లలకు చెప్పినది సరైనదే. జఠర రసంలోని ఆమ్లం, పెప్సిన్, ఆపైన చిన్నపేగులో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ బ్యాక్టీరియా ప్రొటీన్లను కూడా మిగతా ప్రొటీన్లలాగే ముక్కలు చేస్తాయి. అయినా వాటి ప్రభావం ఉంటుందని చెప్పగలగడానికి కారణం, ఆ ప్రొటీన్లు పనిచేసే చోట్లు వేరువేరుగా ఉండడమే.

కొన్ని ఆహారంలోనే తమ పని ముగించుకుంటాయి. వీటికి చక్కని ఉదాహరణ నైసిన్. లాక్టోకోకస్ లాక్టిస్ అనే పాల బ్యాక్టీరియా తయారుచేసే, అమైనో ఆమ్లాల పొట్టి గొలుసైన ఈ చిన్న పెప్టైడ్‌లో ఉన్నవి 34 అమైనో ఆమ్లాలే. 1928లోనే దీని ప్రభావాన్ని గమనించారు, 1947లో పేరు పెట్టారు. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1969లో దీనిని ఆహారాన్ని నిల్వచేసే పదార్థంగా ఆమోదించగా, 1988లో అమెరికా కూడా అనుమతించింది. ప్యాకెట్ల మీద కనిపించే ఇ234 అన్న సంకేతం దీనిదే. కణకవచం కట్టుకోవడానికి బ్యాక్టీరియాకు అవసరమైన లిపిడ్ 2 అనే అణువును నైసిన్ పట్టుకుని కవచ నిర్మాణాన్ని ఆపివేస్తుంది, ఆ పైన కణపొరలో రంధ్రాలు కూడా చేస్తుంది. బయటి పొర అడ్డుగా ఉండే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా మీద మామూలుగా దీని ప్రభావం ఉండదు. కైమోట్రిప్సిన్ దీనిని నాశనం చేస్తుంది కాబట్టి పేగులోకి చేరాక నైసిన్ సాగించే పని పెద్దగా ఉండదు. అప్పటికే ఆహారం చెడిపోకుండా కాపాడి ఉంటుంది గనుక దానివల్ల లోటు లేదు.

రెండో రకం ప్రొటీన్లు బ్యాక్టీరియా కణం లోపల భద్రంగా ప్రయాణిస్తాయి. నా దృష్టిలో మొత్తం ఈ రంగంలో అన్నిటికంటే బలమైన ఆధారం ఉన్నది వీటిలో ఒకదానికే. పెరుగు తయారీకి వాడే లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్ కణాలలో బీటా గాలక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టడం దాని పని. పాలు పడనివారిలో కొరవడినది ఇలాంటి ఎంజైమే. చిక్కటి పెరుగు కడుపులోని ఆమ్లం తీవ్రతను కొంత తగ్గిస్తుంది, కణకవచం ఎంజైమ్‌ను కాపాడుతుంది. చిన్నపేగులో పైత్యరసం తగలగానే ఆ కణాల పొర బలహీనపడి ఎంజైమ్‌కు, లాక్టోజ్‌కు మధ్య అడ్డు తొలగిపోతుంది. ఈ బ్యాక్టీరియా పేగులో స్థిరపడిపోవు. అలా స్థిరపడకుండానే మేలుచేస్తాయన్నదే ఇక్కడి విశేషం. గ్రాముకు కనీసం 10 కోట్ల సజీవ కణాలు ఉన్న పెరుగు లాక్టోజ్ జీర్ణమయ్యేందుకు తోడ్పడుతుందన్న వాదనను యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో అంగీకరించింది. ప్రోబయోటిక్‌ల తరఫున వచ్చిన ఆరోగ్య వాదనలను వరుసగా తోసిపుచ్చిన సంస్థ ఇది అని గుర్తుంచుకుంటే ఈ అంగీకారం విలువ తెలుస్తుంది. పులిసిన తరువాత పెరుగును వేడిచేస్తే ఈ ఎంజైమ్ పాడైపోయి మేలు తగ్గిపోతుంది.

మూడో రకం ప్రొటీన్లను మనం తినము, ప్రాణంతో పేగు చేరిన బ్యాక్టీరియా అక్కడే తయారుచేస్తుంది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే స్ట్రెయిన్ వెలుపలికి వదిలే పి40, పి75 అనే రెండు ప్రొటీన్లు, వాపు కలిగించే సంకేతాల వల్ల పేగు కణాలు చనిపోకుండా అడ్డుకుంటాయని 2007లో ప్రయోగశాలలో చూపారు. పి40ని నేరుగా నోటి ద్వారా ఇస్తే జీర్ణమైపోతుందన్న మీ సందేహమే ఆ పరిశోధకులకూ ఉన్నందున, 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో దానిని పెక్టిన్, జెయిన్ (మొక్కజొన్నలోని ప్రొటీన్) అనే పదార్థాలతో చేసిన పూసలలో పెట్టి పెద్దపేగు దాకా చేరవేశారు. ఎలుకలలో పేగువాపు తగ్గింది. అయితే ఇవి కణాల మీద, ఎలుకల మీద వచ్చిన ఫలితాలు. వీటిని చూపించి మనుషుల పేగు జబ్బుకు మందు దొరికిందని ఎవరైనా చెబితే నమ్మవద్దని పాఠకులను గట్టిగా కోరుతున్నాను.

ఇదే స్ట్రెయిన్ ఉపరితలంలో పిలై అనే సన్నని తంతువులు ఉంటాయి. వాటిలోని స్పాసి అనే ప్రొటీన్ పేగులోని శ్లేష్మాన్ని పట్టుకుంటుందని 2009లో తేలింది. అదే జాతికి చెందిన ఎల్‌సి705 అనే మరో స్ట్రెయిన్‌లో ఆ తంతువుల జన్యువులే లేవు. అంతకంటే ఆలోచించవలసినది మరొకటి ఉంది. అమ్మకంలో ఉన్న కొన్ని ఉత్పత్తుల నుంచి వేరుచేసిన జీజీ నమూనాలలో కూడా ఆ జన్యువులున్న భాగం జారిపోయిందని తరువాత బయటపడింది. పాలలో తరాల తరబడి పెరిగే బ్యాక్టీరియాకు పేగు శ్లేష్మాన్ని పట్టుకునే తంతువులతో పనిలేదు గనుక అవి లేని కణాలకు అక్కడ నష్టం కలగదు. సీసా మీద పేరు సరిగ్గా ఉన్నా, లోపలి బ్యాక్టీరియాలో అసలు ప్రొటీన్ లేకపోయే అవకాశం ఉందన్నమాట. ప్రొటీన్లను విడిగా పరిశీలించాలా అని మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలికి ఇంతకంటే మంచి కారణం నేను చూపలేను.

ప్రశ్న: పులిసిన పాలలో పాల ప్రొటీన్లు, బ్యాక్టీరియా ప్రొటీన్లు కలిసిపోయి ఉంటాయి కదా, ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? పరిశోధన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పగలరా? – జీవరసాయనశాస్త్ర విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టావు. ఆవుపాలలో ప్రొటీన్ బరువులో సుమారు 3.3 శాతం ఉంటుంది, అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. బ్యాక్టీరియా ప్రొటీన్ల మొత్తం దాని ముందు అత్యల్పం. ఈ మిశ్రమాన్ని యథాతథంగా యంత్రానికి ఇస్తే, అది హోరుగాలిలో గుసగుసను వినమని అడిగినట్టే అవుతుంది. కాబట్టి ముందుగా కణాలను వేరుచేయాలి. సోడియం సిట్రేట్‌నో, ఈడీటీఏనో కలిపి పీహెచ్‌ను పెంచితే అవి కాల్షియాన్ని పట్టుకుంటాయి, కేసీన్ ముద్దలు విడిపోయి ద్రవం పలుచబడుతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు పైకి తేలి, బ్యాక్టీరియా కణాలు అడుగుకు చేరుతాయి. వాటిని పలుమార్లు కడగాలి. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు మందమైన కణకవచం ఉంటుంది కాబట్టి మామూలు డిటర్జెంట్ ద్రావణంతో అవి సరిగా పగలవు. లైసోజైమ్, మ్యూటనోలైసిన్ వంటి ఎంజైమ్‌లతో కవచాన్ని బలహీనపరచి, సన్నని గాజుపూసలతో వేగంగా కుదిపి పగలగొడతారు.

కణం వెలుపలికి వదిలే ప్రొటీన్లు కావాలంటే ఈ దారి పనికిరాదు, ఎందుకంటే అవి కడిగిన నీటితో పోతాయి. అందుకని ఆ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో ద్రవ మాధ్యమంలో, అంటే పోషకాలు కలిపిన ద్రవంలో, పెంచుతారు. లాక్టోబాసిల్లస్‌లకు 1960లో రూపొందిన ఎం.ఆర్.ఎస్. మాధ్యమం సర్వసాధారణం. అయితే పెప్టోన్ (ముందే ముక్కలు చేసిన ప్రొటీన్), మాంసం సారం, ఈస్ట్ సారం నిండిన ఆ మాధ్యమం తానే పెప్టైడ్‌ల గని. అందులో పెంచి తీసిన ద్రవంలో దొరికినవన్నీ బ్యాక్టీరియావే అనుకుంటే ఈస్ట్ ప్రొటీన్లకు బ్యాక్టీరియా పేరు పెట్టవలసి వస్తుంది. వీలైనప్పుడల్లా, ఏ పదార్థం ఎంత ఉందో తెలిసిన రసాయనాలతో మాత్రమే కూర్చిన మాధ్యమాన్ని వాడడం మేలు. వీలుకానప్పుడు, బ్యాక్టీరియా వేయని మాధ్యమాన్ని కూడా అదే వరుసలో మొదటి నుంచి చివరి వరకు పరీక్షించాలి.

కణాలు చనిపోయి పగిలితే లోపలి ప్రొటీన్లన్నీ ద్రవంలోకి కారిపోతాయి. అందువల్ల కణాలు చురుకుగా పెరుగుతున్న దశలోనే ద్రవాన్ని సేకరించి, అందులో లాక్టేట్ డీహైడ్రోజినేజ్ వంటి కణాంతర ఎంజైమ్ చర్య ఎంత ఉందో కొలిచి చూడాలి. ఈ ఒక్క కొలత లేని పత్రాలను నేను సందేహంతోనే చదువుతాను. దీనిలో ఇంకొక చిక్కు కూడా ఉంది. చక్కెరను విచ్ఛిన్నం చేసే పనిలో ఉండే ఈనోలేజ్ వంటి ఎంజైమ్‌లు, వెలుపలికి వెళ్ళేందుకు కావలసిన సంకేత భాగం లేకపోయినా, కణం ఉపరితలంలో కనిపిస్తున్నాయి, అక్కడ అంటుకునే పని కూడా చేస్తున్నాయి. చనిపోయిన పొరుగు కణాల నుంచి వచ్చి అతుక్కున్నవా, కణమే పంపినవా అన్న చర్చ ఇంకా ముగియలేదు. కాబట్టి సంకేత భాగం లేదన్న కారణంతో వాటిని పట్టిక నుంచి కొట్టివేయకు, అలాగని వెంటనే స్రవించిన ప్రొటీన్లలోనూ చేర్చకు.

సేకరించిన ప్రొటీన్లను ట్రిప్సిన్‌తో ముక్కలు చేస్తారు. అది లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తరువాత మాత్రమే కోస్తుంది గనుక ఏ ప్రొటీన్ నుంచి ఏ ముక్కలు రావాలో ముందే లెక్కగట్టవచ్చు. ఆ ముక్కలను ద్రవ క్రొమటోగ్రఫీతో వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో వాటి బరువును, అవి విరిగే తీరును కొలిచి, జన్యుక్రమం నుంచి లెక్కగట్టిన పట్టికతో పోల్చుతారు. ఇంత పెద్ద అణువులను చెదరగొట్టకుండా యంత్రంలోకి పంపే పద్ధతులను కనుగొన్నందుకే జాన్ ఫెన్, కోయిచీ తనాకాలకు 2002లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. నీ ప్రశ్నకు జవాబు ఈ పోల్చే దశలోనే ఉంది. పోల్చే పట్టికలో బ్యాక్టీరియా ప్రొటీన్లతో పాటు ఆవుపాల ప్రొటీన్లను, ట్రిప్సిన్‌ను, పనిచేసేవారి చర్మం నుంచి రాలే కెరాటిన్‌ను కూడా చేర్చితీరాలి. చేర్చకపోతే కేసీన్ ముక్క తనకు దగ్గరగా ఉన్న బ్యాక్టీరియా ప్రొటీన్ పేరుతో నమోదయ్యే ప్రమాదం ఉంది. తలకిందులు చేసిన నకిలీ క్రమాలను కూడా పట్టికలో కలిపి, వాటికి ఎన్ని సరిపోలికలు వచ్చాయో చూసి తప్పుల శాతాన్ని అంచనా వేస్తారు. దానిని 1 శాతం లోపు ఉంచడం ఆనవాయితీ.

ప్రయోగశాల మాధ్యమంలో కనిపించిన ప్రొటీన్ల పట్టిక ఆహారంలోని పట్టిక కాదన్నది కూడా గుర్తుంచుకో. స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్‌ను పాలలో పెంచి చూసిన 2005 నాటి అధ్యయనంలో, అన్నిటికంటే ఎక్కువగా పెరిగినది పైరువేట్ ఫార్మేట్ లయేజ్ అనే ఎంజైమ్ అని తేలింది. డీఎన్ఏకు కావలసిన ప్యూరిన్‌ల నిర్మాణానికి ఫార్మేట్ అవసరం, పాలలో ప్యూరిన్‌లు చాలవు. ఈ బ్యాక్టీరియా వదిలే ఫార్మేట్ పక్కనే ఉన్న బల్గారికస్‌కు కూడా ఉపయోగపడుతుంది. పెరుగులో ఆ రెండూ ఒకదానికొకటి ఎలా తోడ్పడుతున్నాయో ఒక ప్రొటీన్ పెరుగుదల చూపించింది. సకల పోషకాలూ ఉన్న మాధ్యమంలో మాత్రమే వెతికి ఉంటే ఇది కంటపడేది కాదు.

ప్రశ్న: మా కళాశాల ప్రాజెక్టులో పులిసిన ఆహారం నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశాము. అది పెరిగిన ద్రవాన్ని అగర్ పళ్ళెంలోని గుంటలో పోస్తే చుట్టూ వేరే బ్యాక్టీరియా పెరగని స్పష్టమైన వలయం వచ్చింది. మేము కొత్త బాక్టీరియోసిన్‌ను కనుగొన్నట్టేనా? – సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థులు

జవాబు: మీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది. కానీ ఇంకా కాదు. బాక్టీరియోసిన్ అంటే బ్యాక్టీరియా తయారుచేసే, ఇతర బ్యాక్టీరియాను అణచే ప్రొటీన్ లేదా పెప్టైడ్. మీకు కనిపించిన వలయం ఏదో అణచే పదార్థం ఉందని మాత్రమే చెబుతుంది, అది ప్రొటీన్ అని చెప్పదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పెరిగిన ద్రవంలో పీహెచ్ 4 దగ్గరికి దిగిపోయి ఉంటుంది. చాలా బ్యాక్టీరియాను ఆపడానికి ఆ ఆమ్లమే చాలు. వీటిలో కొన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా విడుదలచేస్తాయి. లాక్టోబాసిల్లస్ రియూటరీ తయారుచేసే రియూటరిన్ బలమైన అణచివేత పదార్థమే అయినా ప్రొటీన్ కాదు.

కాబట్టి ముందుగా సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రోమీటర్ల వడపోతతో కణాలను పూర్తిగా తొలగించండి. ద్రవంలో ఒక భాగాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5కు తెచ్చి పరీక్షించండి. వలయం మాయమైతే అది ఆమ్లం పని అయి ఉండే అవకాశం ఎక్కువ. నిలిచి ఉంటే, మరొక భాగానికి పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ ఎంజైమ్ కలిపి చూడండి. అప్పటికీ నిలిస్తే అసలు పరీక్ష మిగిలి ఉంది. ప్రొటీనేజ్ కె, కైమోట్రిప్సిన్ వంటి ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌లను విడివిడిగా కలిపి, కొంతసేపు వెచ్చగా ఉంచి, తరువాత పోయండి. వలయం పోతే ప్రొటీన్ అనడానికి ఆధారం దొరికినట్టు. ఒకే ఎంజైమ్‌తో తృప్తిపడవద్దు, ఒకదానికి లొంగని పెప్టైడ్ ఇంకొకదానికి లొంగవచ్చు.

వీటన్నిటి పక్కన సరిపోల్చే గుంటలు లేకపోతే ఫలితానికి విలువ లేదు. బ్యాక్టీరియా వేయకుండా, లాక్టిక్ ఆమ్లంతో అదే పీహెచ్‌కు తెచ్చిన మాధ్యమం ఒక గుంటలో ఉండాలి. ఎంజైమ్ ద్రావణం ఒక్కటే ఒక గుంటలో, వేడిచేసి పనిచేయకుండా చేసిన ఎంజైమ్ కలిపిన మీ ద్రవం మరొక గుంటలో ఉండాలి. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, ఉన్నాయేమో చూడడానికి ద్రవాన్ని అంచెలంచెలుగా పలుచన చేసి పళ్ళెం మీద చుక్కలుగా వేయండి. బాక్టీరియోసిన్ అయితే పలుచన పెరిగేకొద్దీ చుక్క క్రమంగా మసకబారి మాయమవుతుంది, ఫేజ్ అయితే విడివిడి చిన్న మచ్చలుగా విడిపోతుంది. ఈ పలుచన పరీక్షే మీ పదార్థం బలాన్ని యూనిట్లలో చెప్పడానికి కూడా పనికివస్తుంది. అణచవలసిన బ్యాక్టీరియాగా లిస్టీరియా వంటి వ్యాధికారకాలను కళాశాల ప్రయోగశాలలో వాడకండి. నైసిన్ కొలతకు ఎప్పటి నుంచో వాడుతున్న మైక్రోకోకస్ లూటియస్‌తో మొదలుపెట్టవచ్చు.

ప్రతికూల ఫలితం వచ్చినా తొందరపడి వదిలేయకండి. నైసిన్ ఆమ్లంలో ఎంతో స్థిరంగా ఉండి, పీహెచ్ 7 దగ్గరికి వచ్చేసరికి కరిగే గుణాన్నీ, చురుకుదనాన్నీ చాలావరకు కోల్పోతుంది. ఆమ్లాన్ని తొలగించడానికి మీరు చేసిన పనే బాక్టీరియోసిన్‌ను కూడా తొలగించి ఉండవచ్చు. అంతేకాక పీహెచ్ 6 ప్రాంతంలో నైసిన్, పెడియోసిన్ వంటివి తమను తయారుచేసిన కణాలకే అతుక్కుపోతాయి, పీహెచ్ 2 దగ్గర విడివడతాయి. మీరు పారవేసిన కణాల ముద్దలోనే మీరు వెతుకుతున్నది ఉండిపోయి ఉండవచ్చు.

ఇక కొత్తది అవునా కాదా అన్నది చివరి ప్రశ్న. పదార్థాన్ని శుద్ధిచేసి బరువు కొలవాలి. అది 3,354 డాల్టన్ల (అణువుల బరువును చెప్పే యూనిట్) దగ్గర వస్తే మీ చేతిలో ఉన్నది నైసిన్ ఎ కావచ్చు. సుమారు 3,331 వస్తే నైసిన్ జెడ్‌ను అనుమానించాలి, ఆ రెంటికీ తేడా 27వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లమే. బ్యాక్టీరియా జన్యుక్రమం చదివించి, అందులో బాక్టీరియోసిన్ జన్యువులను వెతికిపెట్టే బాగెల్ వంటి ఉచిత సాధనంతో చూస్తే కొంత దారి తెలుస్తుంది. ఈ వరుసంతా ఒక ప్రాజెక్టు కాలంలో పూర్తికాకపోవచ్చు. వలయం ఆమ్లం వల్ల వచ్చినది కాదని, ప్రొటీన్ వల్ల వచ్చినదని సరైన సరిపోల్చే గుంటలతో చూపగలిగితే, నా లెక్కన అది గర్వంగా సమర్పించదగిన ప్రాజెక్టే.

ప్రశ్న: పులిసిన పాలలోని ప్రత్యేక ప్రొటీన్లు రక్తపోటును తగ్గిస్తాయని ఒక ప్రకటనలో చదివాను. నేను రక్తపోటు మాత్రలు వాడుతున్నాను. మానేసి దీనిని వాడవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మాత్రలు మానవద్దు. ఏ మార్పైనా మీ వైద్యునితో మాట్లాడిన తరువాతే.

ఆ ప్రకటన వెనుక ఉన్న శాస్త్రం ఇది. లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ వంటి బ్యాక్టీరియా కణకవచానికి కేసీన్‌ను కోసే ఒక ఎంజైమ్ అంటుకుని ఉంటుంది. బ్యాక్టీరియా తన ఆహారం కోసం కేసీన్‌ను కోస్తున్నప్పుడు మూడేసి అమైనో ఆమ్లాలుండే రెండు పెప్టైడ్‌లు మిగులుతాయి: ఒకటి వాలీన్, ప్రోలీన్, ప్రోలీన్, రెండోది ఐసోల్యూసీన్, ప్రోలీన్, ప్రోలీన్. అంటే బ్యాక్టీరియా తయారుచేసినది కోసే ఎంజైమ్, పెప్టైడ్‌లు పాలవి. రక్తనాళాలను బిగించే హార్మోన్ తయారీలో పాలుపంచుకునే ఏసీఈ ఎంజైమ్‌ను ఈ పెప్టైడ్‌లు పరీక్షనాళికలో అడ్డుకుంటాయి. మీరు వాడే మాత్రలలో కొన్ని కూడా ఆ ఎంజైమ్ మీదే పనిచేస్తాయి గనుక పోలిక ఆకర్షణీయంగా కనిపిస్తుంది. మనుషులపై జరిగిన పరీక్షలలో మాత్రం ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు, కొన్నిటిలో స్వల్పంగా తగ్గుదల కనిపించగా కొన్నిటిలో ఏమీ కనిపించలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈ వాదనను అంగీకరించలేదు. పరీక్షనాళికలోని ఒక ఎంజైమ్‌కు, మనిషి రక్తపోటుకు మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరాన్ని ప్రకటనలో ఒక్క వాక్యంతో దాటించడం రోగులకు అన్యాయం చేయడమే.

ప్రశ్న: ఈ బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్లలో హాని చేసేవి కూడా ఉంటాయా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉంటాయి. కొన్ని స్ట్రెయిన్‌లలో ఉండే హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఆహారంలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. అది ఎక్కువగా చేరిన చీజ్ తిన్న కొందరిలో తలనొప్పి, ముఖం ఎర్రబడడం, దద్దుర్లు కనిపిస్తాయి. ఇలాగే మరొక ఎంజైమ్ వల్ల టైరమిన్ తయారవుతుంది, మానసిక కుంగుబాటుకు వాడే ఎంఏఓ నిరోధక మందులు తీసుకునేవారికి ఇది ప్రమాదకరం. హిస్టమిన్ ఒకసారి తయారైతే వేడిచేసినా పోదు. అందుకే తోడుకు వాడే స్ట్రెయిన్‌ను ఎంపిక చేసేటప్పుడు, మేలుచేసే ప్రొటీన్లు ఉన్నాయా అని చూసేముందు ఈ ఎంజైమ్‌ల జన్యువులు లేవని నిర్ధారించుకోవడం అవసరం.

ప్రశ్న: పాత పుస్తకాలలో ఉన్న లాక్టోబాసిల్లస్ పేర్లు కొత్త పత్రాలలో కనిపించడం లేదు. ప్రొటీన్ల సమాచారం వెతకడానికి ఏ పేరు వాడాలి? – పరిశోధక విద్యార్థి

జవాబు: 2020లో ఆ ప్రజాతిని (దగ్గరి సంబంధమున్న జాతుల సమూహాన్ని) పునర్విభజించారు. అందులోని 261 జాతులను 25 ప్రజాతులుగా అమర్చారు, వాటిలో 23 కొత్తవి. ఈ పుటలలో పాఠకుల సౌకర్యం కోసం నేను పాత పేర్లే వాడాను. ప్లాంటారమ్ ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్, రామ్నోసస్ లాక్టికేసిబాసిల్లస్, రియూటరీ లిమోసిలాక్టోబాసిల్లస్ కాగా, బల్గారికస్, హెల్వెటికస్ పాత ప్రజాతిలోనే ఉన్నాయి. యూనిప్రాట్ వంటి ప్రొటీన్ నిధులలో రెండు పేర్లతోనూ వెతకండి. 2020కి ముందు వచ్చిన పత్రాలు పాత పేరుతోనే దొరుకుతాయి. స్ట్రెయిన్ సంకేతాలు మాత్రం మారలేదు కాబట్టి జీజీ, డబ్ల్యు.సి.ఎఫ్.ఎస్.1 వంటి వాటిని పేరు పక్కన తప్పక చేర్చండి. స్ట్రెయిన్ సంకేతం ఇవ్వని పత్రంలోని ప్రొటీన్‌ను మీ స్ట్రెయిన్‌కు ఆపాదించకండి.